ఇరవై ఒకటో బిళ్ళ

సోమవారం పగలు పదకొండు గంటలకు బెజవాడ బస్సు సూర్యాపేటలో ఆగింది. సర్కారు దవాఖాన కాంపౌండర్ సత్తయ్య దిగాడు. కుడి గుప్పిట బిగించి ఉంది. రెండున్నర గంటలు దుమ్ములో ప్రయాణం, గొంతు ఎండిపోయింది. బస్సు పక్కనే నిలబడ్డ మనిషి ఒకడు అడగకముందే సోడా కొట్టి అందించాడు. సత్తయ్య సగం తాగాడు. మిగతా సగం తాగడానికి సత్తయ్య లేడు.

జనం పోగయ్యేసరికి సోడా ఇచ్చిన మనిషి కూడా లేడు.

అది 1949 ఆగస్టు. రజాకార్లు పోయి పదకొండు నెలలైంది. చలిజ్వరం మాత్రం పోలేదు.

మర్నాడు పొద్దున హైదరాబాదు నాంపల్లిలో, గడియారాలు బాగుచేసే దుకాణం వెనక గదిలో, మల్సూర్ ఒక మనిషి ఎదుట నిలబడ్డాడు. ఆ మనిషికి పేరు లేదు. అందరూ చీఫ్ అంటారు. ఆ గదికీ పేరు లేదు. సెక్షన్ అంటారు.

"ఎస్-నైన్‌టీన్. కూర్చో."

మల్సూర్ కూర్చున్నాడు. సొంతూరు చిలుకూరు. బర్మా యుద్ధంలో నాలుగేళ్ళు ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేశాడు. అక్కడ తూటా తగిలి పోయినవాళ్ళను మోసింది తక్కువ. దోమ కుట్టి పోయినవాళ్ళను మోసిందే ఎక్కువ.

"సర్కారు నీలగిరి క్వినైన్ నాలుగు వందల పెట్టెలు కొన్నది," అన్నాడు చీఫ్. "సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. మూడు చోట్లా ఉచితంగా పంచాలి. బెజవాడ నుంచి లారీల్లో వచ్చింది. పంచారు. జనం మింగారు. జ్వరం తగ్గలేదు."

"ఎంతమంది పోయిండ్రు సార్?"

"కాగితం మీద ముప్పై ఒకటి."

"అంటే నూరు."

చీఫ్ ఫైలు తిప్పాడు. "డ్రెక్సన్ అండ్ హేల్. విదేశీ మందుల కంపెనీ. సరుకు పేరు ఫెవ్రోజోన్, జ్వరానికి ఇంజెక్షన్. ఎల్లుండి గురువారం సాయంత్రం నాలుగు గంటలకు సూర్యాపేట ట్రావెలర్స్ బంగళాలో సర్కారు కమిటీ కూర్చుంటుంది. క్వినైన్ పనికిరాదని తేలితే అక్కడికక్కడే సంతకం. ఏడేళ్ళ కాంట్రాక్టు. ఆ ఏడేళ్ళూ సర్కారు క్వినైన్ కొనదు."

"ఆ ఇంజెక్షన్ పనిచేస్తదా?"

"చేస్తుంది. జ్వరానికి ఆరు సూదులు. సూది ధర ఒక కూలీకి పన్నెండు రోజుల కూలి."

మల్సూర్ మనసులో గుణించాడు. ఆరు పన్నెండ్లు డెబ్బై రెండు. డెబ్బై రెండు రోజులు తినకుండా పనిచేస్తే ఒక జ్వరం తగ్గుతుంది. ఈలోగా రెండో జ్వరం వస్తుంది. ఇది మందు కాదు, మనిషిని కుదువ పెట్టించుకోవడం.

"కంపెనీ తరఫున ఇక్కడ పనిచేసేవాడి కోడ్ నేమ్ పెలికన్. తెల్లవాడు. మర్యాదస్తుడు. ఇంతకుముందు రెండు దేశాల్లో ఇలాగే పాత మందు ఫెయిలైంది, కొత్త మందు నెగ్గింది. రెండుచోట్లా అతను ఉన్నాడు. సాక్ష్యం లేదు." చీఫ్ బల్ల మీద ఒక కాగితం పొట్లం పెట్టాడు. "ఇది సత్తయ్య గుప్పిట్లో దొరికింది. సర్కారు క్వినైన్ పొట్లం. ముద్ర సరిగ్గానే ఉంది. బిళ్ళ చేదుగానే ఉంది."

"మరి?"

"లెక్కపెట్టు."

మల్సూర్ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి.

"ఇరవై ఉండాలి," అన్నాడు చీఫ్. "రోజుకు నాలుగు, ఐదు రోజులు. నీలగిరి ఫ్యాక్టరీలో మెషిన్ లెక్కపెడుతుంది. మెషిన్‌కు పొరపాటు రాదు. సత్తయ్య దీనికోసం ప్రాణం ఎందుకు పోగొట్టుకున్నాడో నాకు తెలియదు. తెలుసుకో."

తర్వాత సామాను ఇచ్చారు. గాజులవాడి వేషానికి మీసం, తలపాగా. గాజుల పెట్టె. దానికి దొంగ అడుగు. అందులో నిమ్మ ఉప్పు డబ్బీ, రెండు మెగ్నీషియం తీగలు. క్వినైన్ బిళ్ళను నిమ్మ ఉప్పు నీళ్ళలో కరిగించి, ఎదురుగా మెగ్నీషియం కాలిస్తే ఆ వెలుగుకు నీళ్ళు నీలంగా మెరుస్తాయి. క్వినైన్ కాకపోతే మెరవవు.

"కంపెనీలో మన మనిషి ఒకరున్నారు. సత్యవతి. లేడీ కాన్వాసర్. కోదాడలో కలుస్తుంది. నువ్వు 'పల్లీలు ఎట్ల పోతున్నయి' అనాలి. ఆమె 'పొట్టుతో ఒక రేటు, ఒలిస్తే ఒక రేటు' అంటుంది."

"నమ్మొచ్చా సార్?"

"ఆమె జీతం రెండు చోట్ల తీసుకుంటుంది. ఆ మేరకు నమ్ము."

*

బుధవారం పొద్దున కోదాడ సరిహద్దు నాకా దగ్గర, ఆగిన లారీల వరుస పక్కన, ఆకుపచ్చ జీపు నిలబడి ఉంది. స్టీరింగ్ ముందు జార్జెట్ చీర, నల్ల కళ్ళద్దాలు, తలలో ఒకే ఒక్క చామంతి. లారీ డ్రైవర్లు టీ తాగుతున్నారుగానీ, టీ ఎటు పోతున్నదో చూసుకోవడం లేదు.

గాజుల పెట్టె భుజాన వేసుకుని మల్సూర్ దగ్గరికి వెళ్ళాడు. "పల్లీలు ఎట్ల పోతున్నయి అమ్మా?"

"పొట్టుతో ఒక రేటు, ఒలిస్తే ఒక రేటు," అంది సత్యవతి. కళ్ళద్దాలు తీయలేదు. "గాజులు చూపించండి. చూస్తున్నారు."

అతను పెట్టె తెరిచాడు. ఆమె గాజులు ఎంచుతూ మాట్లాడింది. "అదిగో, ఎదురుగా రేకుల గోదాం. శ్రీనివాసు గారిది. మిర్యాలగూడలో రైస్ మిల్లు కూడా ఆయనదే. క్వినైన్ లారీలు ఇక్కడే ఆగాయి, కాగితాలు సరిగా లేవని. రెండు గంటలు ఆగాక కదిలాయి. అసలు పెట్టెలు లోపల పల్లీ బస్తాల కింద ఉన్నాయి. వేరే పెట్టెలు లారీ ఎక్కాయి."

"నాలుగు వందలూ?"

"ఒక్కటీ పోలేదు. కమిటీ సంతకం అయ్యాక కలకత్తా పోతాయి. అక్కడ మంచి గిరాకీ." ఆమె నీలం గాజు ఒకటి వెలుగుకు పట్టి చూసింది. "గోదాం కాపలా మనిషి లచ్చయ్య. సోడా కొట్టింది అతనే."

మల్సూర్ గోదాం వైపు చూశాడు. తలుపు ముందు మంచం మీద పడుకుని, పొట్ట మీద తువాలు వేసుకున్న మనిషి. గురక పెడుతున్నాడు.

"మీరు కంపెనీల ఏం చేస్తరమ్మా?"

"సినిమా వ్యాన్ వస్తుంది. ఊళ్ళో తెర కడతాం. దోమ బొమ్మ ఏనుగంత వేస్తాం. జనం బెదిరిపోతారు. మర్నాడు నేను డాక్టర్ల దగ్గరికి వెళ్తాను. ఒకరికి చేతిగడియారం, ఒకరికి వాళ్ళమ్మాయి పెళ్ళికి పట్టుచీర. భయం వీధిలో అమ్ముతాం, మందు ఆస్పత్రిలో అమ్ముతాం."

"మీకేమనిపియ్యదా?"

"మా దొర ఒక మాట అంటుంటాడు," అంది సత్యవతి. "పూర్తిగా నయమైన మనిషి మనకు పనికిరాడు. చచ్చినవాడూ పనికిరాడు. మధ్యలో ఉన్నవాడే ఖాతాదారు. మొదటిసారి విన్నప్పుడు నాకు అన్నం సయించలేదు. రెండోసారి సయించింది."

ఆమె నాలుగు గాజులు తీసుకుని డబ్బులిచ్చింది. "మిల్లులో సంగతి చూసుకుని, రేపు పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర ఉండండి. సూర్యాపేట నేను దింపుతా."

మల్సూర్‌కు అప్పుడే తలుపు బద్దలుకొట్టి ఆ పెట్టెలు బయటపెట్టాలనిపించింది. కానీ పెట్టెలు దొరికితే దొంగతనం ఒక్కటే రుజువవుతుంది. జనం మింగింది క్వినైన్ కాదని రుజువు కాదు. కమిటీ నాలుగింటికి సంతకం పెడుతుంది, దొంగతనం కేసు ఆ తర్వాత నడుస్తుంది. సత్తయ్య పొట్లం ఒక్కటి చూపిస్తే ఎవరో మార్చారంటారు. ముందు ఆ బిళ్ళ ఎక్కడ తయారైందో కావాలి, అక్కడి పొట్లం కావాలి. అతను మిర్యాలగూడ బస్సు ఎక్కాడు.

*

మిల్లు వెనక పెంకుల షెడ్డులో పదహారుమంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని పొట్లాలు కడుతున్నారు. లోపలి గదిలో ఏదో యంత్రం టకటక కొడుతోంది. గాజులవాడిని కాపలావాడు ఆపలేదు. గాజులవాడిని ఎవరూ ఆపరు.

మూడో చాప మీద మల్సూర్ అక్క బాలమ్మ ఉంది. ఆమె ఆ మిల్లులో పనిచేస్తుందని అతనికి తెలుసు. ఈ షెడ్డులో ఉంటుందని తెలియదు. ఆమె తలెత్తి చూసింది. మీసం అతికించుకున్నా, తలపాగా చుట్టుకున్నా అక్కకు తమ్ముడు తెలియకపోతాడా.

"ఓ గాజులాయనా, ఎర్రవి సూపియ్యి," అంది అందరికీ వినబడేలా. చెయ్యి చాపి, గొంతు తగ్గించింది. "ఆర్నెల్ల సంది అక్క యాదికి రాలే. పల్టన్ల ఉంటి, బర్మా పోతి అని మురిసినవ్. గీ గాజులమ్ముడుకా గంత సదువు?"

"ఊకో అక్కా. నీ చెయ్యేంది గిట్ల కాలుతున్నది?"

"సలిజొరం. దినం తప్పి దినం వస్తది. వచ్చినప్పుడు నాలుగు గొంగళ్ళు కప్పినా ఆగది. గోలీలు మింగుతున్న తియ్యి. సేటు పుణ్యానికి ఇస్తున్నడు, వారానికొక పొట్లం."

"ఏ గోలీలు?"

"గివే. మేం కట్టేటియే."

పక్క చాప మీద నుంచి రంగి అనే పడుచు అంది, "ఏమయ్యో, ఆమె చెయ్యొక్కటే పట్టుకొని కూసున్నవ్. మావి సేతులు కావా, పారలా?"

అందరూ నవ్వారు. మల్సూర్ నవ్వలేదు. బాలమ్మ గోళ్ళ కింద తెల్లటి పొడి ఉంది. గాజు తొడిగే నెపంతో ఆ పొడి వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. ముందు చేదు. చేదు కరిగిపోయాక తెలిసింది. బియ్యప్పిండి. యంత్రం టకటక కొడుతున్నది క్వినైన్ కాదు, నూకలు దంచిన పిండి.

"పొట్లానికి ఎన్ని పెడతరు అక్కా?"

"ఇరవై."

ఆమె కట్టిన పొట్లం విప్పాడు. ఇరవై ఒకటి. ఇంకొకటి విప్పాడు. ఇరవై ఒకటి.

"ఇరవై అంటివి?"

"ఇరవయ్యే. మీదిది కొసరు."

"కొసరు ఎవరు పెట్టమన్నరు?"

"ఎవరన్న చెప్తరా తమ్మీ కొసరు పెట్టమని? చెయ్యి ఊకుంటదా? జొరమొచ్చినోని కడుపుల ఒకటెక్కువ పోతే పుణ్యమే గదా. మేస్త్రీ సూడడు. సూసినా ఏమనడు."

మల్సూర్‌కు సత్తయ్య గుప్పిట కళ్ళముందు తెరుచుకుంది. వడ్లు కొలిచినా, మిరపకాయలు తూచినా, ఆఖరున ఇంకాస్త వెయ్యకుండా ఈ చేతులు వెనక్కి రావు. కంపెనీ ముద్రను నకలు చేసింది, కాగితాన్ని నకలు చేసింది, చేదును కూడా నకలు చేసింది. పొట్లం కట్టే చేతుల సంగతి మాత్రం తెలుసుకోలేదు. నీలగిరి మెషిన్ ఇరవై పెడుతుంది. కంపెనీ వాళ్ళే కడితే పంతొమ్మిదితో సరిపెట్టేవాళ్ళు. ఇరవై ఒకటి పెట్టేది మిర్యాలగూడ మిల్లు కూలీలు మాత్రమే. ఇది సత్తయ్య కనిపెట్టాడు.

"అక్కా, ఇది మందు కాదు. బియ్యప్పిండి."

బాలమ్మ గోళ్ళ కింది పొడి చూసుకుంది. "మరి చేదున్నయి గదరా."

"చేదు కలిపిండ్రు."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మా వాడకట్టు ముత్తమ్మ బిడ్డకు నేనే ఇచ్చిన. రెండు పొట్లాలు. మంచిగైతదని నేనే దగ్గర కూసోని మింగిచ్చిన."

"ఎట్లున్నది?"

"పోయిన శుక్కురారం పోయింది."

యంత్రం టకటక కొడుతూనే ఉంది. బాలమ్మ పెదవులు అప్పటికే నీలంగా మారుతున్నాయి. ఇవాళ జ్వరం వచ్చే రోజు. మల్సూర్ బర్మాలో ఇలాంటి మొహాలు చాలా చూశాడు. ఇంకో రెండుసార్లు ఇలా తిరగబడితే ఈ ఒళ్ళు తట్టుకోదు. ఎక్కువంటే నాలుగు రోజులు. సెక్షన్ తనకు దొంగ అడుగు ఉన్న పెట్టె ఇచ్చింది, అతికించుకునే మీసం ఇచ్చింది, మెగ్నీషియం తీగ ఇచ్చింది. ఒక్క క్వినైన్ బిళ్ళ ఇవ్వలేదు. నాంపల్లిలో ఎవరికీ తోచలేదు. తనకూ తోచలేదు.

బాలమ్మ కట్టిన పొట్లాలు ఆరు తీసి దొంగ అడుగులో పెట్టుకున్నాడు.

*

గురువారం తొమ్మిదింటికి జీపు వచ్చింది. అక్కను రంగి గుడిసెలో పడుకోబెట్టి వచ్చిన మల్సూర్ ఎక్కాడు. దారిలో రెండుచోట్ల రోడ్డు కొట్టుకుపోయి, చుట్టు తిరగాల్సి వచ్చింది. మూసీ రేవు దగ్గర మోకాలి లోతు నీళ్ళలో ఇంజన్ ఆగిపోయింది.

"మీరు దిగి తోయాలి," అంది సత్యవతి. "నేను స్టీరింగ్ పడతా."

మల్సూర్ పంచె ఎగగట్టి దిగాడు. అరగంట తోశాడు. ఒడ్డెక్కేసరికి నడుము విరిగినట్టయింది. జీపు స్టార్టయింది. గాజుల పెట్టె సీటు మీద ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది.

సూర్యాపేట చేరేసరికి మూడున్నర. ఆకాశమంతా మబ్బు.

ట్రావెలర్స్ బంగళా వరండాలో పొడుగాటి బల్ల వేశారు. ఆసుపత్రి నుంచి తెచ్చిన క్వినైన్ పొట్లాలు ఒక పళ్ళెంలో, ఫెవ్రోజోన్ సీసాలు ఒక పళ్ళెంలో. మధ్యలో పూలదండలు. కమిటీ అధ్యక్షుడు సివిల్ సర్జన్ కృష్ణమూర్తి, పక్కన మిల్లు యజమాని శ్రీనివాసు, ఆ పక్కన తెల్ల సూటు వేసుకున్న సన్నటి దొర. అతనే పెలికన్. చేతిలో బంగారు పాళీ కలం.

"క్వినైన్ ఇచ్చిన రోగులు రెండు వందల నలభై," అని కృష్ణమూర్తి చదువుతున్నాడు. "జ్వరం తగ్గినవారు పదకొండు మంది. ఈ మందు కాలం చెల్లిందని కమిటీ అభిప్రాయం."

పెలికన్ కలం మూత తీసి అందించాడు.

"సార్, సంతకం పెట్టకుండ్రి," అన్నాడు మల్సూర్ మెట్లెక్కుతూ. తలపాగా తీసి, మీసం పీకి, సెక్షన్ కార్డు బల్ల మీద పెట్టాడు. "జనం మింగింది క్వినైన్ కాదు. బియ్యప్పిండి. రుజువు నా దగ్గరున్నది."

కృష్ణమూర్తి కార్డు చూసి, గడియారం చూశాడు. "అయిదు నిమిషాలు."

మల్సూర్ రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోయించాడు. నిమ్మ ఉప్పు వేశాడు. దొంగ అడుగులోంచి పొట్లం తీసి, బిళ్ళ నలిపి మొదటి గ్లాసులో కలిపాడు. "క్వినైన్ అయితే నీలంగా మెరుస్తది. ఇది మెరవది. సూడుండ్రి." మొదటి తీగ వెలిగించాడు.

వరండా తెల్లటి వెలుగుతో నిండింది. గ్లాసు నీలంగా మెరిసింది. శుభ్రంగా, నిండుగా, నీలంగా.

పెలికన్ మెల్లగా చప్పట్లు కొట్టాడు. "మంచి క్వినైన్," అన్నాడు ఇంగ్లీషులో. "అయినా జ్వరం తగ్గలేదు. మేం చెప్పేదీ అదే."

శ్రీనివాసు నవ్వాడు. "గాజులు అమ్ముకునేవాళ్ళు కూడా డాక్టర్లయితే ఎట్లా అండీ."

కృష్ణమూర్తి కలం అందుకుని కాగితం మీదికి వంగాడు.

మల్సూర్ చేతిలో పొట్లం అలాగే ఉంది. అక్క కట్టిన పొట్లం. తన కళ్ళతో చూసి తీసుకున్న పొట్లం. అతను మిగతా బిళ్ళలు బల్ల మీద పోసి లెక్కపెట్టాడు. పంతొమ్మిది. నలిపింది ఒకటి. మొత్తం ఇరవై.

కొసరు లేదు.

జీపు వైపు చూశాడు. సత్యవతి బానెట్‌కు ఆనుకుని నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. మూసీ రేవులో అరగంట తోసింది గుర్తుకొచ్చింది. ఇంజన్ చెడిపోలేదు. ఆమె ఆపింది.

కలం కాగితానికి తగిలింది. మొదటి అక్షరం పడింది.

మల్సూర్ బల్ల మీది పళ్ళెంలోంచి పొట్లం లాక్కున్నాడు. "సార్, ఇది నాది కాదు. ఇది మీ దవాఖానది. మీరు రోగులకిచ్చింది ఇదే గదా?"

"అవును, అయితే?"

మల్సూర్ లెక్కపెట్టలేదు. అరచేతిలో పోసుకుంటేనే కొసరు ఉందని తెలిసింది. ఒకటి నలిపి రెండో గ్లాసులో వేశాడు. నీళ్ళు గంజిలా తెల్లబడ్డాయి. ఆఖరి తీగ వెలిగించాడు.

మళ్ళీ తెల్లటి వెలుగు. మొదటి గ్లాసు నీలంగా మెరిసింది. రెండోది గంజిలాగే ఉంది. తీగ కాలి బూడిదయ్యేదాకా గంజిలాగే ఉంది.

"ఒక్కో పొట్లం విప్పి లెక్కపెట్టుండ్రి సార్," అన్నాడు మల్సూర్. "మీ పళ్ళెంల ఉన్నయన్ని ఇరవై ఒకటి ఉంటయి. నీలగిరి మెషిన్ ఎన్నడూ ఒకటి ఎక్కువియ్యదు. ఇవి శ్రీనివాసు గారి మిల్లుల మా అక్క కట్టింది. అసలు సరుకు కోదాడల ఆయన గోదాంలనే ఉన్నది, పల్లీ బస్తాల కింద."

కృష్ణమూర్తి నాలుగు పొట్లాలు విప్పాడు. నాలుగూ ఇరవై ఒకటి. శ్రీనివాసు లేవబోయాడు. మెట్ల దగ్గర పోలీసులు ఉన్నారని చూసి కూర్చున్నాడు.

కృష్ణమూర్తి కాంట్రాక్టు కాగితం చింపేశాడు. బంగారు పాళీ కలానికి మూత పెట్టాడు. కలం మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

"బియ్యప్పిండి తిని ఎవరూ చావరు," అన్నాడు పెలికన్ ప్రశాంతంగా. "స్థానిక వర్తకుడు ఏదో చేశాడు. కంపెనీకి సంబంధం లేదు. మీ దగ్గర మా సంతకం ఉన్న కాగితం ఏదైనా ఉందా?"

లేదు. మల్సూర్‌కు తెలుసు. మందు లేకుండా చేసి చంపడానికి చట్టంలో సెక్షన్ లేదు. మోసానికి ఉంది, అది శ్రీనివాసు మీద పడుతుంది. విషానికి ఉంది, అది లచ్చయ్య మీద పడుతుంది. దొర మీద పడేది పూలదండ ఒక్కటే.

సత్యవతి వరండా ఎక్కి వచ్చింది. "నేను సర్కారు సాక్షిగా మారతాను," అంది కృష్ణమూర్తితో. మల్సూర్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏమనుకోకండి. మీరు నెగ్గుతారని ఎవరూ పందెం కాయలేదు."

"ఇప్పుడు మూడో జీతమా అమ్మా?"

"మిగతా రెండూ ఆగిపోయాయి కదండీ," అంది.

*

బంగళా నుంచే చీఫ్‌కు ఫోన్ చేశాడు మల్సూర్.

"శభాష్. రేపు పొద్దున పది గంటలకు కోదాడ గోదాంలో పంచనామా. అప్పటిదాకా కాపలా నీదే. సరుకంతా సీలు చెయ్యాలి. అది సాక్ష్యం."

"పంచేదెప్పుడు సార్?"

"కేసు తేలాక."

"ఎన్నాళ్ళు?"

"రెండేళ్ళు. అప్పీలుకు పోతే ఇంకో రెండు."

"ఈ సంగతి జ్వరానికి చెప్పిండ్రా సార్?"

అవతల ఫైలు తిప్పిన చప్పుడు వినబడింది. "ఈలోగా," అన్నాడు చీఫ్, "మూడు నెలలకు సరిపడా ఫెవ్రోజోన్ దానంగా ఇస్తామని కంపెనీ ఇప్పుడే కబురు పెట్టింది. సర్కారు ఒప్పుకుంది. సరుకు పదిహేను రోజుల్లో వస్తుంది. తర్వాత అలవాటైపోతుందని వాళ్ళ ఆశ. నాకు తెలుసు. నువ్వు చెప్పకు."

మల్సూర్ ఫోన్ పెట్టేసి, కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మూడు రోజులు తిరిగాడు. అసలు మందు దొరికింది. దొరికింది కాబట్టే ఎవరికీ అందదు. దొంగల దగ్గరున్నప్పుడు కలకత్తాలోనైనా ఎవరో మింగేవాళ్ళు. ఇప్పుడు సర్కారు తాళం వేస్తుంది కాబట్టి చెదలు తప్ప ఎవరూ ముట్టుకోరు. సత్యవతి మార్చిపెట్టిన పొట్లాలను కూడా పోలీసులు సాక్ష్యమని పట్టుకుపోయారు. ఎటు నుంచి కూడినా బాలమ్మ మిగలడం లేదు.

శుక్రవారం పొద్దున ఏడు గంటలకు కోదాడ గోదాం ముందు, మల్సూర్ రాత్రే పంపిన కబురుకు, నలభై ఎద్దులు నిలబడ్డాయి. వాటి యజమాని తావుర్యా, లంబాడి. వాళ్ళ తాతల కాలం నుంచి ఎద్దుల మీద ఉప్పు మోసిన కుటుంబం. అతని తండాలో తొమ్మిదిమంది పోయారు.

"మల్సూరన్నా, ఎన్ని ఎత్తమంటవ్?"

"ఎద్దుకు ఎన్ని?"

"రెండు. అటొకటి, ఇటొకటి."

"అయితే ఎనభై. పంచనామా రాసేటోడు పదింటికి వస్తడు. తొమ్మిదింటికల్ల ఒక్క గిట్ట గుర్తు కనబడొద్దు. తండాలు, వాడకట్టులు, ఎవ్వర్నీ విడవకు. ముందుగాల మిర్యాలగూడ, రంగి గుడిసె."

"మరి పోలీసోళ్ళు ఆపితే?"

"ఉప్పను."

"నాలిక మీద పెట్టుకుంటే చేదుంటది గదన్నా ఉప్పు."

"నా దగ్గరికి తెమ్మను, ఉప్పేనని తిని సూపిస్త. బర్మాల ఇంకా చేదు ఉప్పు తిన్న."

పదింటికి పంచనామా జరిగింది. మూడు వందల ఇరవై పెట్టెలు. లక్క సీలు, ఐదుగురి సంతకాలు, తలుపుకు తాళం.

*

పది రోజుల తర్వాత గడియారాల దుకాణం వెనక గదిలో చీఫ్ ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. లచ్చయ్య జైల్లో ఉన్నాడు. శ్రీనివాసు బెయిల్ మీద ఉన్నాడు. పెలికన్ బేగంపేట నుంచి విమానం ఎక్కాడు. సాగనంపడానికి ముగ్గురు ఆఫీసర్లు వెళ్ళారు. వేరే రాష్ట్రంలో పిల్లల దగ్గుకు కొత్త మందు వస్తోందట.

"నీలగిరి నుంచి బయల్దేరినవి నాలుగు వందలు," అన్నాడు చీఫ్. "పంచనామాలో మూడు వందల ఇరవై. ఎనభై ఏమయ్యాయి?"

"ఎలుకలు సార్."

"ఎలుకలు క్వినైన్ తింటాయా?"

"కోదాడ ఎలుకలకు చలిజ్వరం వచ్చింది సార్."

చీఫ్ కిటికీ వైపు చూశాడు. "మీ అక్క ఎలా ఉంది?"

"నిన్న మిల్లుకు పోయింది. పని మళ్ళ వడ్లదే. మేస్త్రీతోటి కొట్లాడి వచ్చింది."

చీఫ్ కలం తీసి, ఫైల్లో ఎనభై ఎదురుగా 'ఎలుకలు' అని రాశాడు. సంతకం పెట్టబోయి ఆగాడు.

"మోతాదు సరిగ్గా తిన్నాయా?"

"రోజుకు నాలుగు, ఐదు రోజులు సార్," అన్నాడు మల్సూర్. "తిన్నంక నీళ్ళు గూడ తాగినయి."